కరెంటు పోయాక బూట్ కాని ఉబుంటు

ప్రశ్న: ఎంసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని అందులో ఉబుంటు 22.04 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నాను. ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైంది. మొన్న పని మధ్యలో కరెంటు పోయి అంతా ఆరిపోయింది. అప్పటి నుంచి వర్చువల్ మెషీన్ నల్లటి తెర మీద ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అనే మాట దగ్గర ఆగిపోతోంది. దాన్ని తీసేసి కొత్తగా వేసుకోమంటున్నారు స్నేహితులు. వేరే దారి లేదా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ఆ మెషీన్‌ను దయచేసి తీసేయకండమ్మా. ఫైళ్లతో సహా తొలగిస్తే ప్రాజెక్టు కూడా దానితోనే పోతుంది.

అక్కడ ‘ఎగ్జిట్’ అని కొట్టి, వచ్చే వరుసలు నిదానంగా చదవండి. డిస్కును పరీక్షించి దిద్దే ఎఫ్‌ఎస్‌సీకే అనే కమాండ్‌ను మీరే నడపాలన్న సూచన, దాని పక్కనే డిస్కు భాగం పేరు కనిపిస్తాయి. 22.04ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే అది చాలావరకు ఎస్‌డీఏ3 అవుతుంది. ఉబుంటు డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోయింది కనుక, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే లెక్కల్లో పొంతన తప్పింది. చిన్న తేడాలైతే జర్నల్ (డిస్కు మీద చేసే మార్పులను రాసిపెట్టుకునే చిట్టా) చూసుకుని తనే సర్దుకుంటుంది. అంతకు మించినప్పుడు ఇలా మన కోసం ఆగుతుంది.

మరమ్మతుకు ముందు నకలు తీయాలి. నేను పాలిటెక్నిక్ ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఒక కుర్రాడి మెషీన్ ఇలాగే ఆగితే, నకలు తీయకుండానే మరమ్మతు మొదలుపెట్టాను. మెషీన్ లేచింది, అతని ఫోల్డరు మాత్రం ఖాళీ. ఫైళ్లన్నీ పేర్లు పోయి, ఉత్త అంకెలతో ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డరులో చేరాయి. ఒక్కొక్కటీ తెరిచి, కోడ్ చదివి, ఏది ఏ ఫైలో పోల్చుకోవడానికి మా ఇద్దరికీ రెండు సాయంత్రాలు పట్టింది. అతని కళ్లలో నీళ్లు నేను మరచిపోలేదు.

కాబట్టి మెషీన్‌ను ఆపి, వర్చువల్‌బాక్స్ మూసేసి, వీడీఐ ఫైలు (ఆ మెషీన్ డిస్కంతా ఉండే ఫైలు) ఉన్న ఫోల్డరు మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయండి. స్నాప్‌షాట్ (మెషీన్ ఒకప్పటి స్థితిని వర్చువల్‌బాక్స్‌లో దాచుకున్నది) ఉందిగా అనుకోవద్దు. అది అసలు డిస్కు ఫైలు మీదే ఆధారపడుతుంది. కాపీ మధ్యలో ఎర్రర్‌తో ఆగితే లోపం ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కులోనే ఉండవచ్చు. అప్పుడు ఇంకేమీ ప్రయత్నించకుండా తెలిసినవారికి చూపించండి.

కాపీ సవ్యంగా పూర్తయితే మెషీన్ స్టార్ట్ చేసి, ఆ నల్లటి తెర మీద ఎఫ్‌ఎస్‌సీకే, ఖాళీ, హైఫన్ వై, ఖాళీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ3 అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో కొట్టండి. మీ తెర వేరే భాగం పేరు చూపితే అదే రాయండి. హైఫన్ వై అంటే ప్రతి దిద్దుబాటుకూ ముందే ఒప్పుకున్నట్టు. పూర్తయ్యాక ‘రీబూట్’ కొట్టండి. అప్పటికీ లేవకపోతే, ఉబుంటు ఐఎస్‌ఓను (ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఫైలును) వర్చువల్ సీడీ డ్రైవులో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’తో తెరిస్తే పాత డిస్కులోని ఫోల్డర్లు చాలాసార్లు అందుతాయి.

లేచిన వెంటనే ప్రాజెక్టు ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. సీ డ్రైవులో ఎంత ఖాళీ ఉందో కూడా చూడండి, వాడేకొద్దీ పెరిగే వీడీఐ దాన్ని నింపేసినా మెషీన్ మధ్యలో ఆగుతుంది. మెషీన్ విండోను మూసేటప్పుడు ‘పవర్ ఆఫ్’ ఎంచుకోవడం ప్లగ్గు పీకడంతో సమానం, ఉబుంటు లోపలి నుంచే షట్‌డౌన్ చేయండి. బ్యాటరీని మాత్రం ఈ వారమే మార్పించండి.