బెండ ఆకులు పసుపుబారితే ఏం చేయాలి?

వరంగల్‌లో పెరట్లో వేసిన బెండ ఆకులు పసుపుబారి, కాపు ఎందుకు తగ్గుతోందన్నది ప్రశ్న.

ముందు ఒక ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. ఈనెలు మాత్రమే పసుపుగా మారి, మధ్యలో పచ్చదనం మిగిలి, వల పరిచినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వచ్చేది కాబట్టి ఏ మందూ దాన్ని నయం చేయదు. కాస్తున్న మొక్కే అయినా జాలిపడకుండా పీకేయండి, లేకుంటే తెల్లదోమ ఆ వైరస్‌ను పక్క మొక్కలకు మోసుకెళుతుంది. దోమ ఉండేది ఆకు అడుగున. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆ అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయండి. మళ్లీ విత్తేటప్పుడు అర్కా అనామిక వంటి, తెగులును కొంత తట్టుకునే రకం ఎంచుకోండి.

ఈనెలతో సహా ఆకంతా పాలిపోతే మాత్రం నీరు నిలుస్తోందేమో చూడాలి. మన నల్లరేగడి నేలల్లో వానాకాలం ఇది మామూలే. బోదెలు ఎత్తుగా వేసి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే వేళ్లకు గాలి ఆడుతుంది.

కాయలు పూత విచ్చిన ఐదారు రోజులకే, కొన టక్కున విరిగేంత లేతగా ఉన్నప్పుడే కోయండి. ముదిరిన కాయలను చెట్టు మీద వదిలేస్తే కొత్త పూత తగ్గిపోతుంది.