పీహెచ్‌సీ లెక్కలు అడిగే హక్కు వార్డు మెంబరుకు ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతం. నేను పంచాయతీలో వార్డు మెంబర్ని. మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇవ్వకుండా పది రోజులకే ఇచ్చి పంపుతున్నారు. మధ్యాహ్నం దాటితే డాక్టరు కనిపించరు. ఊళ్లో విలేజ్ క్లినిక్ భవనం శ్లాబు దాకా లేచి ఆగిపోయింది. సర్పంచి గారిని అడిగితే ‘అది మన పరిధి కాదు’ అన్నారు. డాక్టరు గారు ‘నిధులు రావడం లేదు’ అన్నారు. ఎంపీడీఓ ఆఫీసులో ‘డీఎంహెచ్ఓని (జిల్లా వైద్య ఆరోగ్య అధికారిని) అడగండి’ అన్నారు. ఆస్పత్రి మీద పంచాయతీకి ఏ హక్కూ లేదా? గట్టిగా అడిగితే మెంబరు పదవి పోతుందని ఒకరు బెదిరించారు కూడా. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీకు చెప్పిన మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కొంత నిజమున్న మాటకు ఎదురు చెప్పడం కష్టం. అందుకే మీరు ఎంత తిరిగినా మళ్లీ మొదటికే వస్తున్నారు. ఎవరి చేతిలో ఏముందో ముందు విడదీసి చూద్దాం.

రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దానితో వచ్చిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. అందులో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఆస్పత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు కూడా ఇందులోకే వస్తాయని అక్కడే రాసి ఉంది. ఇది చూపించి ‘పీహెచ్‌సీ మాదే’ అని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన నిలబడదు. ఈ అంశాలను రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పంచాయతీలకు ఇవ్వవచ్చు అని 243జి అధికరణం అంటుంది, ఇచ్చి తీరాలి అనదు. మన రాష్ట్రంలో డాక్టర్ల నియామకం, బదిలీ, జీతం వైద్య ఆరోగ్య శాఖ చేతిలోనే ఉన్నాయి. మందులు కొని పంపేది ఏపీఎంఎస్ఐడీసీ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. పంచాయతీ తీర్మానంతో డాక్టరును మార్చలేం. సర్పంచి గారి మాటలో నిజం ఇంతవరకే.

పరిధి కాదంటే అడగకూడదని కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో వార్డు సభ్యుల హక్కులు విడిగా రాసి ఉన్నాయి, అవి చాలామంది మెంబర్లకే తెలియవు. పంచాయతీ పనుల్లో అలసత్వం, ఆస్తుల వృథా, తమ వీధి అవసరాలు ఏవైనా మెంబరు కార్యనిర్వాహక అధికారి దృష్టికి తేవచ్చు. పాలన గురించి సర్పంచిని ప్రశ్నించవచ్చు. ముందుగా నోటీసు ఇచ్చి ఆఫీసు వేళల్లో పంచాయతీ రికార్డులు చూడవచ్చు. చూపించం అంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అంటే పంచాయతీ పుస్తకాల కోసం మీకు సమాచార హక్కు దరఖాస్తు కూడా అక్కర్లేదు. కార్యదర్శికి తెల్లకాగితం మీద ఒక నోటీసు ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఆ రెండో కాపీ పోగొట్టుకోకండి. ముందు ముందు ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేది అదే.

నోటీసులో మూడు విషయాలు అడగండి. ఒకటి, ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. మురుగు కాల్వలు, క్లోరినేషన్, చెత్త ఎత్తివేత ఇందులోకి వస్తాయి. అంటువ్యాధులు, మలేరియా రాకుండా చూడటం పంచాయతీకి చట్టం పెట్టిన తప్పనిసరి విధి. ఆరోగ్యం మన పరిధి కాదనే మాట ఇక్కడ అసలే చెల్లదు. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో, డబ్బు లేదనే సాకుతో స్థానిక సంస్థ మురుగు బాధ్యత నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ ఖర్చును మీ ఫోన్‌లోనే ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైటులో పంచాయతీ పేరు కొట్టి చూసుకోవచ్చు. అక్కడి అంకె, క్యాష్ బుక్‌లో అంకె పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పటి నుంచి ఉన్న కమిటీ ఇది. ఏడాదికి 10,000 రూపాయల వరకు షరతుల్లేని నిధి అని మొదట్లో లెక్క పెట్టారు. చిన్న మొత్తమే. కానీ కమిటీలో ఎవరున్నారు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, డబ్బు దేనికి ఖర్చు పెట్టారు అని అడిగితే, మీ ఊళ్లో ఆరోగ్యం గురించి పంచాయతీ ఎప్పుడైనా కూర్చుని మాట్లాడిందో లేదో తేలిపోతుంది. మినిట్స్ పుస్తకమే లేదంటే, ఆ మాటే రాసివ్వమనండి.

మూడు, ఆరోగ్యానికి సంబంధించి పంచాయతీ చేసి మండలానికి, డీఎంహెచ్ఓకు పంపిన తీర్మానాలు. ఏమీ పంపలేదని తేలితే ‘పరిధి కాదు’ అన్న మాట వెనక అసలు సంగతి మీకే అర్థమవుతుంది.

ఇక ఆస్పత్రి డబ్బు. ఇది పంచాయతీ ఖాతాలో కనపడదు. ఆరోగ్య మిషన్ డబ్బు జిల్లా ఆరోగ్య సొసైటీ ద్వారా నేరుగా పీహెచ్‌సీకి వెళ్తుంది. మిషన్ మొదట పెట్టిన లెక్కలో ఒక పీహెచ్‌సీకి ఏడాదికి షరతుల్లేని నిధి 25,000, నిర్వహణకు 50,000, ఆస్పత్రి అభివృద్ధి సంఘానికి లక్ష రూపాయలు. ఇప్పుడు మీ పీహెచ్‌సీకి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది రికార్డుతోనే తేలాలి. ‘నిధులు రావడం లేదు’ అని నోటితో అనడం వేరు, ఈ ఏడాది ఫలానా పద్దులో వచ్చింది సున్నా అని కాగితం మీద సంతకం పెట్టడం వేరు. నిజంగానే రాకపోతే ఆ కాగితం డాక్టరు గారికీ మేలు చేస్తుంది. పైవాళ్లను అడగడానికి ఆయన చేతిలో ఆధారం ఉంటుంది. ఆయన్ను శత్రువుగా చూడకండి. ఆస్పత్రి అభివృద్ధి సంఘంలో స్థానిక ప్రజాప్రతినిధులకు చోటు ఉంటుంది కాబట్టి, దాని సమావేశాల మినిట్స్ కూడా అడగండి.

పీహెచ్‌సీ రికార్డుకు మీరు సభ్యురాలిగా కాదు, పౌరురాలిగా వెళ్లాలి. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు కార్డు జిరాక్సు జత చేస్తే ఫీజు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తు రాసేటప్పుడే చాలామంది తప్పు చేస్తారు. ‘మందులు ఎందుకు ఇవ్వడం లేదు?’ అని రాస్తారు. ఆ చట్టం కింద ఇవ్వాల్సింది రికార్డులో ఉన్న సమాచారం, సంజాయిషీ కాదు. ‘ఎందుకు’ అని అడిగితే తోసిపుచ్చడానికి వీలు దొరుకుతుంది. మందులు పంపమని పీహెచ్‌సీ పైకి పెట్టే కోరికను ఇండెంటు అంటారు. ఆమ్లోడిపిన్ బీపీకి, మెట్‌ఫార్మిన్ షుగరుకు ఇచ్చే మాత్రలు. ఇలా రాయండి: ‘గత ఆరు నెలల్లో ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్ మాత్రల కోసం ఈ పీహెచ్‌సీ పంపిన ఇండెంట్ల నకళ్లు, ఆ మాత్రలు ఎన్ని వచ్చాయో, ఎన్ని ఇచ్చారో చూపే స్టాక్ రిజిస్టరు పేజీల నకళ్లు ఇవ్వగలరు.’ ఈ ఒక్క వాక్యంతో మూడు సంగతులు బయటపడతాయి. ఇండెంటే పెట్టకపోతే తప్పు పీహెచ్‌సీది. పెట్టినా సరుకు రాకపోతే తప్పు జిల్లా డ్రగ్ స్టోరుది. సరుకు వచ్చి కూడా మీ చేతికి అందకపోతే అది వేరే కథ, దాని మీద విచారణ అడగాలి. రోగుల పేర్లు మాత్రం అడగకండి. అవి ఇవ్వరు, ఇవ్వకూడదు.

డాక్టరు లేరన్న విషయంలో ఒక మాట. ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. దాని ప్రకారం పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఓపీ చూస్తుంటే ఇంకొకరు 104 బండితో ఊళ్లకు వెళ్లాలి. కాబట్టి మీరు వెళ్లిన రోజు ఒక డాక్టరు కనపడకపోతే ఆయన డ్యూటీ ఎగ్గొట్టినట్టే అని అనుకోలేం. ముందు మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, నెలవారీ టూర్ ప్రోగ్రాం, హాజరు వివరాలు అడగండి. పోస్టే ఖాళీగా ఉంటే ఉన్న ఒక్క డాక్టరు మీద విరుచుకుపడటం అన్యాయం. మీ వార్డు కుర్రాళ్లకు కూడా గట్టిగా చెప్పండి. ఆస్పత్రిలో సిబ్బంది మీద చెయ్యి చేసుకున్నా, సామాను పగలగొట్టినా 2008 నాటి రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జుర్మానా ఉన్నాయి. మందుల కోసం వెళ్లినవాళ్లు ముద్దాయిలై తిరిగి రావడం నేను కోర్టులో చూశాను. ఆ కేసుతో అసలు సమస్య మరుగున పడిపోతుంది.

ఆగిపోయిన భవనం సంగతికి వస్తే, ఈ క్లినిక్ భవనాలు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం కట్టించింది, ఉపాధి హామీ డబ్బు కూడా కలిసింది. ఆ విభాగం ఏఈ లేదా డీఈ ఆఫీసుకు అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల నకళ్లు కోరుతూ విడిగా దరఖాస్తు పెట్టండి. ఉపాధి హామీ డబ్బు ఉన్న పనికి సామాజిక తనిఖీ ఉంటుంది, ఆ నివేదిక కూడా అడగండి. దేశం మొత్తం మీద ప్రాథమిక వైద్యం కోసం 15వ ఆర్థిక సంఘం స్థానిక సంస్థల పేరుతో 70,051 కోట్లు సిఫారసు చేసింది. భవనాలు లేని ఉపకేంద్రాలకు భవనాలు కట్టడం ఆ సొమ్ము ఉద్దేశాల్లో ఒకటి. మీ భవనం ఏ పద్దులోదో రాసివ్వమనండి. మన పేరుతో వచ్చిన డబ్బు మనకు తెలియకుండా ఖర్చవడం నాకు మింగుడు పడని విషయం.

కాగితాలు చేతికొచ్చాక గ్రామసభకు వెళ్లండి. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలని చట్టంలోనే ఉంది. తీర్మానం ‘ఆస్పత్రిలో సేవలు మెరుగుపరచాలి’ అని రాయించకండి. అలాంటివి ఫైలులో పడి నిద్రపోతాయి. ‘ఫలానా తేదీల్లో ఇండెంటు పెట్టిన మాత్రలు ఇన్ని రోజులు రాలేదు, 15 రోజుల్లో కారణం, సరఫరా తేదీ పంచాయతీకి తెలపాలి’ అని రాయించి, కాపీలు డీఎంహెచ్ఓకూ ఎంపీడీఓకూ పంపించండి. మీ ఎంపీటీసీ ఆ కాపీ పట్టుకుని మండల సర్వసభ్య సమావేశంలో లేవాలి. పీహెచ్‌సీ వైద్యాధికారి నివేదిక చదివేది అక్కడే. సర్పంచి కూడా అక్కడ శాశ్వత ఆహ్వానితులే, ఓటు లేకపోయినా మాట్లాడవచ్చు. జిల్లా పరిషత్తులో విద్య, వైద్య సేవలకు విడిగా స్థాయీ సంఘం ఉంది, మీ జడ్పీటీసీ ద్వారా విషయాన్ని అక్కడికి చేర్చండి. ఎక్కడైనా పాలకవర్గం గడువు తీరి ప్రత్యేక అధికారి ఉన్నా గ్రామసభ హక్కు పోదు, సమాచార హక్కూ పోదు.

అయినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీతో వెళ్లి రశీదు నంబరు తీసుకోండి. ఆ తరువాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఆస్పత్రి సేవలు శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకి వస్తాయి, కోర్టు ఫీజు ఉండదు. హైకోర్టులో రిట్ చివరి మెట్టు. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, సకాలంలో వైద్యం అందించడం 21వ అధికరణం (జీవించే హక్కు) కింద ప్రభుత్వ బాధ్యత అనీ, డబ్బు లేదని దాన్ని తప్పించుకోలేదనీ సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు మీకు బలమే. కానీ నోటీసు, దరఖాస్తు, తీర్మానం కాపీలు లేకుండా నేరుగా రిట్ వేస్తే ‘ముందు అధికారులను అడిగారా?’ అన్న దగ్గరే ఆగిపోతుంది.

పదవి పోతుందన్న భయం గురించి. లెక్కలు అడిగినందుకు మెంబరును తీసేసే నిబంధన చట్టంలో ఎక్కడా లేదు. కానీ సమావేశాలకు వరుసగా గైర్హాజరైతే సభ్యత్వానికి ముప్పు వస్తుంది. అలిగి ఇంట్లో కూర్చోకండి. మాట పట్టించుకోకపోయినా ప్రతి సమావేశానికి వెళ్లి హాజరు పుస్తకంలో సంతకం పెట్టండి. మీ అభ్యంతరం మినిట్స్‌లో రాయకపోతే అదే రోజు రాతపూర్వకంగా కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ వేయించుకుని రండి.