థాయ్‌లాండ్‌లో భోజనానికి ముందే డబ్బు కట్టాలా?

ప్రశ్న: అమ్మతో కలిసి నలుగురం ఆరు రోజులు బ్యాంకాక్, పటాయా వెళ్తున్నాం. హోటల్‌లో ఉదయం టిఫిన్ ఉంది. రెండు పూటల భారతీయ భోజనానికి ట్రావెల్స్ వారు రూ.48,000 అడుగుతున్నారు. అమ్మ పూర్తి శాకాహారి. కట్టమంటారా?

సమాధానం: కట్టవద్దనే చెబుతాను. అక్కడ తిండి ఖరీదైనది కాదు. డబ్బు చెల్లించే పద్ధతిలోనే ఎక్కువగా నష్టపోతాం. బ్యాంకాక్‌లోని టెర్మినల్ 21 వంటి మాల్స్‌లో ఉండే ఫుడ్‌కోర్టుల్లో, ముందుగా కార్డులో డబ్బు వేయించుకుని మిగిలినది తిరిగి తీసుకునే పద్ధతిలో, మనిషికి 120 బాట్లు (బాటు అంటే థాయ్ కరెన్సీ) పెడితే నీళ్లతో సహా పూట గడుస్తుంది. ఆరు మధ్యాహ్నాలు, మూడు రాత్రులు ఇలా తింటే నలుగురికీ 4,320 బాట్లు. మిగిలిన మూడు రాత్రులు అమ్మగారి కోసం భారతీయ హోటళ్లకు వెళ్లి, పూటకు 2,000 చొప్పున 6,000 ఖర్చు చేయండి. పండ్లకు, కొబ్బరి బొండాలకు రోజుకు 300 కలిపితే మొత్తం 12,120 బాట్లు. బాటుకు మూడు రూపాయలు వేసుకున్నా రూ.36,360 మించదు.

పెద్ద రెస్టారెంట్ల మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, దానిపై 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తంపై 7 శాతం వ్యాట్ పడతాయని అర్థం. 1,000 బాట్ల భోజనానికి బిల్లు 1,177 వస్తుంది. సర్వీస్ ఛార్జీ తీసుకున్న చోట మళ్లీ టిప్పు ఇవ్వనవసరం లేదు. సముద్రపు చేపలు, రొయ్యలకు చాలాచోట్ల 100 గ్రాముల లెక్కన ధర రాస్తారు కాబట్టి, తూకం వేయించి మొత్తం ఎంతో తెలుసుకున్నాకే వండమనండి.

వీధి బండ్ల దగ్గర మనకు నగదే దిక్కు. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు సుమారు 220 బాట్లు పట్టుకుంటుంది. 2,000 తీస్తే అది 11 శాతం, 10,000 తీస్తే 2.2 శాతమే. అందువల్ల కొంత నగదు ఇక్కడే అధీకృత మనీ ఛేంజర్ వద్ద మార్చుకుని, అవసరమైతే ఒక్కసారే పెద్ద మొత్తం తీయండి, అదీ డెబిట్ కార్డు లేదా విదేశీ కరెన్సీ ముందుగా నింపుకునే ఫారెక్స్ కార్డుతోనే. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కార్డు మిషన్ రూపాయల్లోనా, బాట్లలోనా అని అడిగితే బాట్లనే ఎంచుకోండి. రూపాయల్లో అయితే మార్పిడి రేటు ఆ మిషన్ నడిపేవారు వేసిందే.

ఇక అమ్మగారి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. కూరగాయల వేపుడులో కూడా చేపల నుంచి తీసిన నామ్ ప్లా అనే ద్రవం వేస్తారు. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలుంటాయి. పసుపు రంగుపై ఎర్ర అక్షరంతో ‘జే’ గుర్తు ఉన్న దుకాణాల్లో మాంసం, చేపలు, గుడ్లు, పాలు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మధ్యాహ్నాలు ఆమెకు అటువంటి చోటు వెతకండి. దొరకని రోజుకు ఇంటి నుంచి తీసుకెళ్లే పులిహోర పొడి, అటుకులు ఉండనే ఉంటాయి.