నాటు బాతుల బరువు: ముందు కాలు కొలవండి, తర్వాతే కాటా

మీ గుంపులో నాటు బాతులు ఒక్కోటి ఒక్కో రంగులో, ఒక్కో సైజులో ఉన్నాయని, కొన్ని కిలోన్నర కూడా తూగడం లేదని, ఇది జాతి వల్లా మేత వల్లా, అసలు నాటు బాతు ఎంత బరువుండాలి అని అడిగారు. చాలా ఏళ్లుగా నాటు బాతులు పెంచుతూ, తూకాలు పుస్తకంలో రాసుకుంటూ వస్తున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నాను.

కిలోన్నర చూసి టెన్షన్ పడకండి. మస్కోవీ అనే వేరే రకం బాతు తప్ప పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు నుంచి వచ్చినవే, ఆ అడవి బాతు బరువే కిలో, కిలో పావు దగ్గర ఉంటుంది. మాంసం కోసం తరతరాలుగా ఏరి పెంచితే పెకిన్ అనే జాతి 3 కిలోలు దాటింది. గుడ్ల కోసం తయారుచేసిన ఖాకీ క్యాంప్‌బెల్ 2 కిలోల అటూ ఇటూ ఆగిపోతుంది, కానీ మంచి మేత ఉంటే ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. నాటు బాతును బరువు కోసం అలా పట్టుబట్టి ఎవరూ ఏరలేదు, అది తిరిగి మేసి బతికిన జీవి. నా దగ్గర ఎదిగిన ఆడ బాతులు ఎక్కువగా కిలో పావుకీ కిలో ముప్పావుకీ మధ్య తూగుతాయి, మగవి కాస్త ఎక్కువ.

అసలు విషయం ఏంటంటే, బరువు రోజూ మారుతుంది, ఎముక మారదు. ఈకలు లేకుండా పొలుసులతో ఉండే కాలు చూశారు కదా, పై కీలు నుంచి వేళ్లు మొదలయ్యే చోటి దాకా ఉన్న ఆ భాగాన్ని షాంక్ అంటారు, దాన్ని టేపుతోనో స్కేలుతోనో కొలవండి. ఒకే వయసున్న రెండు ఆడ బాతుల్లో షాంక్ సమానంగా ఉండి, ఒకటి 1.3 కిలోలు, ఇంకోటి 1.7 కిలోలు ఉంటే ఆ తేడా మేతదో, కడుపులో పురుగులదో, గుడ్లు పెట్టి పెట్టి అలసిపోవడం వల్లో అయి ఉంటుంది, జాతిది కాదు. షాంక్ కూడా పొట్టిగా ఉంటే అప్పుడు పుట్టుకను అనుమానించాలి, లేదా పిల్లప్పుడు మేత సరిపోలేదని అనుకోవాలి. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. బాతుపిల్లలకు నియాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కన్నా ఎక్కువ కావాలి, ఉత్త కోడి దాణా మీదే పెంచితే కొన్నిటి కాళ్లు వంకరపోతాయి, ఎదుగుదల కుంటుపడుతుంది, తర్వాత ఎంత తినిపించినా ఆ సైజు తిరిగి రాదు.

ఇంకో పరీక్ష చేతితోనే అయిపోతుంది. బాతును ఒళ్లో పెట్టుకుని రొమ్ము ఎముక వెంట వేళ్లతో తడమండి. ఎముక అంచు కత్తిలా తగులుతూ రెండు పక్కలా గుంటలు పడి ఉంటే కాటా ఏం చూపించినా ఆ బాతు బక్కచిక్కినట్టే, రెండు పక్కలా కండ నిండుగా తగిలితే కిలోన్నర ఉన్నా అది ఆరోగ్యంగా ఉన్నట్టే. పట్టుకునేటప్పుడు మాత్రం కాళ్లు పట్టి వేలాడదీయొద్దు దయచేసి, బాతు కాళ్లు తొందరగా దెబ్బతింటాయి, రెండు రెక్కలూ ఒంటికి ఆనించి చేతులతో చుట్టి ఎత్తండి.

తూకం పొద్దున్నే, మేత వేయకముందు, నీళ్లలోకి వదలకముందు వేయాలి. ఆడ బాతులు ఎక్కువగా తెల్లవారేలోపే గుడ్డు పెట్టేస్తాయి, పెట్టని బాతును తూస్తే కడుపులో ఉన్న గుడ్డు బరువు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అది 60, 70 గ్రాముల దాకా ఉండొచ్చు. గుడ్డ సంచిలో పెట్టి వేలాడే కాటాకి తగిలిస్తే కదలకుండా ఉంటుంది, ఆ తర్వాత సంచి బరువు తీసేయండి. మగ, ఆడ కలిపి ఒకే సగటు తీస్తే ఆ అంకెకి అర్థం ఉండదు, విడివిడిగా రాయండి, వయసు కూడా రాయండి, ఎక్కడో ఉన్న ఒక్క పెద్ద బాతు సగటును పైకి లాగేస్తుంది కాబట్టి అన్నిటికన్నా తక్కువ ఎంత, ఎక్కువ ఎంత అన్నది కూడా.

మగ, ఆడ గుర్తుపట్టడానికి తల మీది ఆకుపచ్చ రంగును నమ్ముకోకండి. ఆ రంగు కొన్ని మగ బాతులకే వస్తుంది, అది కూడా జతకట్టే కాలం అయిపోయాక ఈకలు రాల్చినప్పుడు పోతుంది, అప్పుడు మగది కూడా ఆడదానిలాగే మచ్చల గోధుమ రంగులోకి దిగుతుంది. గొంతు వినండి, గట్టిగా క్వాక్ క్వాక్ అని అరిచేది ఆడది, బొంగురుగా లోగొంతుతో అనేది మగది. ఎదిగిన మగదానికి తోక మీద పైకి చుట్టుకున్న ఈకలు ఉంటాయి, అవీ రాలతాయి కానీ గొంతు మారదు. అడవి రంగు బాతుల్లో ముక్కు కూడా చెప్తుంది: మగదాని ముక్కు పసుపు కలిసిన ఆకుపచ్చ, ఆడదాని ముక్కు నారింజ రంగు మీద నల్ల మరకలు.

రంగుని బట్టి బరువు అంచనా వేయడం అనవసరం. తెల్లగా ఉన్నంత మాత్రాన పెకిన్ రక్తం ఉన్నట్టు కాదు, తెలుపు నాటు గుంపుల్లోనూ వస్తుంది. నిలబడే తీరు చూడండి. మెడ నిక్కించి దాదాపు నిటారుగా నడిచేదైతే ఇండియన్ రన్నర్ అనే జాతి కలిసి ఉండొచ్చు, ఒళ్లు అడ్డంగా బరువుగా ఉండి పొట్ట నేలకు దగ్గరగా ఊగుతుంటే పెకిన్ లాంటి మాంసం జాతి. ముఖం మీద ఎర్రటి బొడిపెలు ఉండి, అరవకుండా బుసకొట్టేది మాత్రం మస్కోవీ, దాన్ని ఈ లెక్కలో కలపనే వద్దు. అందులో మగది ఆడదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, గుడ్లు పొదగడానికి మామూలు బాతుల్లా 28 రోజులు కాదు, 35 రోజులు పడుతుంది, మామూలు బాతుతో కలిస్తే పుట్టే పిల్లలు గొడ్డువి.

బరువైనవే విత్తనానికి ఉంచి చిన్నవన్నీ తీసేద్దామని కూడా రాశారు, అలా చేయకండి. షాంక్ బాగుండి, రొమ్ము నిండుగా ఉండి, బాగా తిరిగి మేసే చిన్న బాతు బాగా గుడ్లు పెడుతుంటే దాన్ని వదులుకోవద్దు, బరువు ఒక్కదాని వెంట పడితే గుడ్లు తగ్గుతాయి, తిండి ఖర్చు పెరుగుతుంది. ముందు పురుగుల మందు సంగతి పశువుల డాక్టర్‌ని అడిగి, మేత సరిచేసి, నెల తర్వాత అవే బాతులను మళ్లీ తూయండి. అప్పటికీ పెరగని వాటి షాంక్ కొలత, వయసు, పక్కనుంచి తీసిన ఫొటో పెడితే ఒక్కొక్కటిగా చూసి చెప్తాను.