ఫ్లైట్ సిమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) డీసీ-3 విమానం టేకాఫ్ అప్పుడు ఎడమకు ఎందుకు లాగేస్తుంది?

తప్పు మీ జాయ్‌స్టిక్‌ది కాదు, ఆ విమానం తీరే అంత. 1935లో తొలిసారి ఎగిరిన, రెండు ఇంజన్ల డీసీ-3కి మూడో చక్రం తోక కింద ఉంటుంది కాబట్టి నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి. ముక్కు పైకి ఉన్నంతసేపూ కుడివైపు కిందికి దిగే బ్లేడు ఎక్కువ బలంతో లాగుతుంది, దాంతో విమానం ఎడమకు తిరుగుతుంది.

రన్‌వే మీద తిన్నగా నిలిపి, తోక చక్రం లాక్ చేయండి. ఇంజన్ శక్తి పెంచే థ్రాటిల్ ఒక్కసారిగా తోసేయొద్దు. నేనైతే పది సెకన్లు తీసుకుంటాను. కుడి రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ ముందే కాస్త నొక్కి ఉంచండి. తోక లేచేటప్పుడు మరోసారి ఎడమకు జారుతుంది, అక్కడ టెన్షన్ పడొద్దు. వేగం పెరిగేకొద్దీ రడ్డర్‌కు పట్టు దొరుకుతుంది, ఆ క్షణం ఎంత హాయిగా ఉంటుందో!

సిమ్యులేటర్‌లో ఈ విమానానికి పాత ఎయిర్‌లైన్ల రంగులు వేసుకునే ముందు మాత్రం దాని అసలు ఫైళ్ల కాపీ దాచుకోండి.