కడుపు మాడ్చుకోకుండా బరువు తగ్గొచ్చా?

తగ్గొచ్చు, కాకపోతే నిదానంగా. వారానికి అర కిలో తగ్గినా మంచి వేగమే. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. రోజూ తినేదాంట్లో 500 తగ్గిస్తే లెక్క ఇంచుమించు అక్కడికే వస్తుంది.

నన్నడిగితే ముందు తాగేవాటి సంగతి చూసుకోండి. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 140 కేలరీలు. అంత తాగినా ఆకలి తీరదు, అదే చిక్కు! తర్వాత పళ్లెంలో సగం కూరగాయలు, ప్రతి పూటా కొంత ప్రొటీన్ ఉండేలా చూసుకోండి. ప్రొటీన్ ఆకలిని ఆపుతుంది, కండ కరగకుండా కాపాడుతుంది.

మొదటి వారమే రెండు కిలోలు తగ్గితే సంబరపడొద్దు, అందులో చాలావరకు నీరే. తర్వాత ముల్లు కదలకపోయినా టెన్షన్ వద్దు. షుగరు మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి.