మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ పరీక్షలో మా నాయనమ్మ మూలాలు తెలుస్తాయా?

మీ నాయనమ్మగారు చెంచు అని, అండమాన్ వాళ్ళ సంగతి తేల్చినట్టే ఈ పరీక్షతో మీ మూలాలూ తేలతాయా అని అడిగారు. ముందే చెప్తున్నాను, మీ నమూనా ఇస్తే ఆవిడ జాడే కనబడదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో ఉండే ఈ డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. మీలో ఉన్నది మీ అమ్మగారిది, అమ్మమ్మగారిది. పది తరాల వెనక 1,024 మంది పూర్వీకులుంటే, ఇది ఇచ్చింది వాళ్ళలో ఒక్కావిడే.

నేను ఒక ల్యాబులో రెండేళ్ళు పాత వెంట్రుకల నుంచి డీఎన్‌ఏ తీసే పని చేశాను. కుదురు లేని వెంట్రుకలో మామూలు డీఎన్‌ఏ, అంటే కణ కేంద్రకంలో ఉండేది, చాలావరకు పాడైపోతుంది. మైటోకాండ్రియాది కణానికి వందలు, వేల కాపీలుంటుంది కాబట్టి ఎంతో కొంత దొరుకుతుంది. దాని పొడవు మొత్తం 16,569 డీఎన్‌ఏ అక్షరాలే. ఒకసారి చాలా శుభ్రమైన సీక్వెన్స్, అంటే ఆ అక్షరాల వరస, వచ్చింది, ఎంత సంతోషించానో! అక్కడ పనిచేసే వాళ్ళందరి సీక్వెన్సులతో పోల్చి చూస్తే అది నాదే. నా చేతి నుంచో, ఊపిరి నుంచో అంటుకుంది. ఆ వెంట్రుక మళ్ళీ దొరికేది కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక అండమాన్ సంగతి. 2005లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్ ఆదివాసులైన ఓంగేలు, గ్రేట్ అండమానీయుల మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ మొత్తం చదివింది. తల్లుల వంశవృక్షంలో ఎం31, ఎం32 అనే కొమ్మలు బయటపడ్డాయి. ఆఫ్రికా నుంచి 50-70 వేల ఏళ్ళ కిందట బయల్దేరినవాళ్ళ వారసులు వీళ్ళు, అప్పటినుంచీ విడిగానే ఉండిపోయారు అన్నది వాళ్ళ వాదన. మరుసటి ఏడాదే ప్రధాన భూభాగంలో ఉండే రాజ్‌బన్షీ అనే జాతివాళ్ళల్లోనూ ఎం31కి చెందిన కొమ్మ దొరికింది. అంటే ఆ కొమ్మ చీలిక ప్రధాన భూభాగం మీదే జరిగి, కొందరు ఆ తర్వాతెప్పుడో సముద్రం దాటి ఉండవచ్చు. డీఎన్‌ఏలో లెక్కగట్టే వయసు కొమ్మది, దీవిలో కాలు పెట్టిన రోజుది కాదు. వార్తల్లో ఈ తేడా పోతుంటుంది, నాకు అదే బాధ.

రిపోర్టులో 'చెంచు' అని రాసి రాదండీ. మన దేశంలో ఊళ్ళవాళ్ళైనా అడవిలో వాళ్ళైనా సగానికి పైగా 'ఎం' అనే పెద్ద గుంపులోనే ఉంటారు. మీ నాయనమ్మగారి తల్లుల వరసైనా చూడాలనుకుంటే మీ నాన్నగారి నమూనా ఇవ్వండి. మేనత్త ఉంటే ఆవిడదైనా సరే, ఆవిడ పిల్లలదైనా సరే. మేనత్త కూతుళ్ళ నుంచి ఆ వరస ఇంకా ముందుకు సాగుతుంది, మీ ఇంట్లో మాత్రం మీ నాన్నగారితోనే ఆగిపోయింది.